ఆయ్ తర్వాతి మాట

అమలాపురం,
12 జూన్ 1998

ఒరే ప్రసాదూ,

అక్క దీవెనలు. నీ ఉత్తరమూ ఖర్జూరాలూ కువైట్ నుంచి సెలవుకొచ్చిన రాజోలు ఆయన తెచ్చి ఇచ్చారు. దారిలో సగం ఆయనే తిన్నారని పొట్లం బరువు చూస్తే తెలిసింది. పోనీలే, మోసుకొచ్చిన చెయ్యి.

"స్కూల్లో హాయిగా లెక్కలు చెప్పుకునేదానివి, ఆ హోములో వార్డెను పని నీకెందుకు, నలుగురూ ఏమనుకుంటారు" అని రాశావు. నలుగురికీ తెలిస్తే కదా అనుకోవడానికి. మాకు బోర్డు కూడా లేదు. ఎవరో దాత పంపిన కుట్టుమిషన్లు వరండాలో దించుతుంటే చూసి, వీధి వీధంతా దీన్ని కుట్టుమిషన్ల ఇల్లు అంటోంది. లోపల ఉన్నది బొంబాయి నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో పోలీసులు విడిపించి తెచ్చిన ఆడపిల్లలు. ఉద్యోగమని చెప్పి తీసుకెళ్ళి అమ్మేశారు. ఇంతకంటే నేను రాయను, నువ్వూ అడక్కు. ఆ మిషన్ల మీద కప్పిన దుప్పట్లు ఇప్పటిదాకా తియ్యలేదు. వీళ్ళలో చాలామందిని తీసుకెళ్ళింది "మిషను కుట్టే పని" అనే. ఆ చప్పుడు వినపడితే చాలు, లేచి వెళ్ళిపోతారు.

లోవమ్మ అని ఒకమ్మాయి ఉంది. ఐ.పోలవరం పక్క. ఇరవై నిండాయో లేదో. దాని నోట నేను విన్న మాట ఒక్కటే, "ఆయ్". అన్నం తిన్నావా అంటే ఆయ్. తినలేదా అంటే ఆయ్. మన గడ్డ మీద పుట్టినవాళ్ళకి ఊపిరెంతో ఆయ్ అంత, కాదనను. కానీ దీని ఆయ్ తర్వాత ఇంకేమీ రాదు. వారానికోసారి వచ్చే డాక్టరు సూర్యావతిగారు "నయమే, చెప్పిన మాట వింటోంది" అంటారు. నాకు మాత్రం గోడతో మాట్లాడినట్టుంటుంది.

అయినా ఒక సంగతి చెప్పాలి. ఈ మధ్య లోవమ్మ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. చూస్తూ నిలబడిపోయాను, దణ్ణం పెట్టాలనిపించింది. అదంతా రాసే తీరిక ఇప్పుడు లేదు. వంటావిడ అప్పాయమ్మగారు బియ్యం తూచి ఇమ్మని కేకలేస్తోంది. ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఎండలో మీ మేడమ్ కారు కడగకు. మందులు వేళకి వేసుకో.

నీ అక్క,
విజయకుమారి


కువైట్,
1 జులై 1998

అక్కయ్యకి ప్రసాద్ నమస్కారాలు.

ఖర్జూరాలు ఆయన తినలేదు. నేనే తక్కువ కట్టాను. ఇంత దూరాన కూర్చుని కూడా నీ లెక్కల టీచరు అనుమానం నాకు తగులుతోంది.

మేడమ్ పిల్లల్ని బడి దగ్గర దింపి, కారులో కూర్చుని నీ ఉత్తరం చదివాను. అక్కా, ఆ పిల్ల వెనక్కి నడవడమేమిటి? నువ్వేమో అదేదో పండగలా రాశావు. మన చిన్నప్పుడు కపిలేశ్వరపురంలో పిన్నివాళ్ళ పక్కింటావిడ మతి చెడి ఇలాగే గోదారి గట్టు మీద వెనక్కి వెనక్కి నడిచేది, గుర్తుందా? చివరికి ఏమైందో కూడా గుర్తుండే ఉంటుంది. నీ ఉత్తరం చదివిన రోజంతా నాకు మనసు మనసులో లేదు.

ఆ నాలుగు గోడల మధ్య ఇంకొన్నాళ్ళు ఉంటే ఆ పిల్ల మనకి దక్కదు. దానికి చోటు మారాలి, చేతినిండా పని ఉండాలి. దేవుడు చూపించినట్టు మా మేడమ్ ఇంటిపనికి మనిషి కావాలని అడుగుతోంది. నేనున్న ఇల్లే. నా చెల్లెలైతే ఎలా చూసుకుంటానో అలా చూసుకుంటాను. ఇక్కడ దాని సంగతి ఎవరికీ తెలియదు, వెక్కిరించేవాళ్ళుండరు. వచ్చే శుక్రవారం సెలవు, ఆ రోజు హోముకి ఫోన్ చేస్తాను.

నువ్వు ఒంటరిగా ఇంత బరువు మోస్తుంటే నాకు ఇక్కడ అన్నం సహించడం లేదు. ఇదొక్కటైనా నన్ను చెయ్యనియ్యి.

నీ తమ్ముడు,
ప్రసాద్


కువైట్,
12 జులై 1998

అక్కయ్యకి,

నీ జవాబు కోసం ఆగకుండా మళ్ళీ రాస్తున్నాను, శుభవార్త కనక.

మొన్న శుక్రవారం ఫోన్ చేశాను. నువ్వు ఎవరో అమ్మాయిని తీసుకుని కాకినాడ ఆస్పత్రికి వెళ్ళావట. అప్పాయమ్మగారు ఎత్తారు. "మగవాళ్ళ ఫోన్లు పిల్లలకి ఇవ్వకూడదండి" అన్నారు. వార్డెనుగారి తమ్ముణ్ణండీ, కువైట్ నుంచండీ అంటే కరిగిపోయి లోవమ్మని పిలిచారు.

ఎంత మర్యాదైన పిల్ల. "కువైట్‌లో ఇంటిపని, నేనున్న ఇల్లే, వస్తావా అమ్మా" అన్నాను. "ఆయ్" అంది. "పాస్‌పోర్టుకి ఫోటో తీయించుకోవాలి" అన్నాను. "ఆయ్" అంది. "భయం లేదు కదా" అంటే దానికీ ఆయ్ అంది. బట్టలు సర్దుకుని ఉండమ్మా, పిలుపు రాగానే బయల్దేరాలి అని చెప్పాను. నువ్వు గోడతో మాట్లాడినట్టుందన్నావు కానీ, నాకు ఒక్క క్షణంలో ఒప్పుకుంది.

ఇక్కడ నాతో ఉండే కడపవాళ్ళు నా ఆయ్‌ని రోజూ వెక్కిరిస్తారు. ఎన్నాళ్ళకో మన ఊరి గొంతుతో ఆ మాట వినేసరికి బూత్‌లోనే కళ్ళనీళ్ళు తిరిగాయి. మేడమ్‌కి చెప్పేశాను. చాలా సంతోషించి వీసా కాగితాలు పెట్టించింది.

ఈసారైనా నన్ను తిట్టకుండా రాస్తావని,
ప్రసాద్


అమలాపురం,
18 జులై 1998

ఒరే పిచ్చి ప్రసాదూ,

నీ ఒకటో తారీకు ఉత్తరం ఇవాళ అందింది. చదివి ముందు పకపకా నవ్వాను. లోవమ్మకి మతి చెడలేదు, నాకే రాయడం చేతకాలేదు. ఇప్పుడు విను.

మిషన్లు ఎవరూ ముట్టుకోవడం లేదని, పక్క ఊళ్ళో కొబ్బరి తాళ్ళు పేనే మేరీని పిలిపించాను. పెరట్లో రాట్నం పెట్టింది. ఒకరు రాట్నం తిప్పుతారు. ఇంకొకరు నడుముకి పీచు కట్టుకుని, కొస రాట్నం కొక్కేనికి తగిలించి, వేళ్ళతో పీచు వదులుతూ వెనక్కి నడవాలి. ఎంత వెనక్కి నడిస్తే అంత తాడు. మధ్యలో తల తిప్పి చూస్తే పురి చెడుతుంది.

లోవమ్మ ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ దాని వీపు ఎవరం చూడలేదు. గోడకి ఆనుకునే తింటుంది, గోడకి ఆనుకునే నిద్రపోతుంది. గుమ్మం దాటాల్సి వస్తే పక్కకి నడిచి దాటుతుంది. అలాంటి పిల్ల ఒక ఉదయం, ఎవరూ పిలవకుండా లేచి వచ్చి, మేరీ చేతిలో పీచు అందుకుంది. మా మొహాల్లోకి చూస్తూ, వెనక ఏముందో చూడకుండా, మెల్లిగా గేటు దాకా నడిచింది. గేటు అవతల వీధి. బస్సు వెళ్ళింది, ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. అది తల తిప్పలేదు. దాని వేళ్ళలోంచి బంగారు రంగు తాడు సాగుతూ వచ్చింది. మేరీ రాట్నం ఆపకుండానే ఏడ్చింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. గుళ్ళో కూడా నాకంత భయమూ భక్తీ కలిగిన గుర్తు లేదు.

ఉద్యోగం సంగతి మాత్రం ఎత్తకు. దీన్ని అమ్మిన మనిషి మీద కేసు కోర్టుకి వచ్చింది. మిగతా పిల్లల తల్లిదండ్రులు పరువని వెనక్కి తగ్గారు. సాక్ష్యం చెప్పడానికి ఉన్నది లోవమ్మ ఒక్కతే. ఇది దేశం దాటిపోతే ఆ మనిషి దర్జాగా బయటికొచ్చి మళ్ళీ మన గోదారి లంకల్లో ఇళ్ళ చుట్టూ తిరుగుతాడు.

ఒకటే దిగులు. వారం రోజులుగా లోవమ్మ రాట్నం దగ్గరికి రావడం లేదు. మళ్ళీ గోడ దగ్గరికే వెళ్ళిపోయింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఏమైందే అంటే ఆయ్ అంటుంది. నేను కాకినాడ వెళ్ళొచ్చేసరికే ఇలా ఉంది. కారణం అంతు పట్టడం లేదు.

అక్క


అమలాపురం,
1 ఆగస్టు 1998

ప్రసాదూ,

నీ రెండో ఉత్తరం అందింది. కారణం అంతు పట్టింది.

అప్పాయమ్మగారిని నిలదీస్తే, మీ తమ్ముడుగారే కదాని ఫోను ఇచ్చానండి అని కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత లోవమ్మ దగ్గరికి వెళ్ళి, పక్కన కింద కూర్చున్నాను. దాని నోట ఆయ్ కాక వేరే మాటలు వినడం ఇదే మొదటిసారి. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను, చదువు.

"కువైట్ వెళ్తానన్నావంట కదే?"

"నేననలేదండి."

"మరి మా తమ్ముడితో ఏమన్నావు?"

"ఆయ్ అన్నానండి."

"ఆయ్ అంటే వస్తాననే కదా?"

సంచీ పట్టీ వేలికి చుట్టుకుంది. తర్వాత నేల చూస్తూ, "ఆయ్ అంటే వింటన్నానని అండి" అంది.

"మరి సంచీ ఎందుకు సద్దుకున్నావే?"

"సద్దుకోమన్నారు కదండి."

అర్థమైందా? నువ్వు రమ్మంటే వచ్చేసేది. విమానం ఎక్కమంటే ఎక్కేది. ఇష్టపడి కాదు, మగగొంతు ఒకటి బట్టలు సర్దుకోమంది కనక. కోర్టులో ఆ మనిషి తరఫు వాదన ఏమిటో తెలుసా? "తల్లి ఎదురుగా వస్తావా అని అడిగాను, ఆయ్ అంది, ఇష్టపడే వచ్చింది" అని. అతను అడిగిన మాటలే నువ్వూ అడిగావు. అతనికి వచ్చిన జవాబే నీకూ వచ్చింది.

నిన్ను తిట్టి తిట్టి నిద్రపోయి, లేచాక ఇంకోటి తట్టింది. ఇంతకాలం ఈ ఇల్లు నేను నడుపుతున్నది కూడా ఆయ్‌ల మీదే. స్నానానికి వెళ్ళు, ఆయ్. అన్నం తిను, ఆయ్. మాట వింటోందని మేమంతా మురిసిపోయాం. దాని మాట మేం ఎవరం వినలేదు.

ఆ వీసా ఆపించు.

విజయకుమారి


కువైట్,
20 ఆగస్టు 1998

అక్కయ్యకి,

ఉత్తరం చివర అక్క అని లేకుండా ఉత్త పేరు రాశావు, నేనెవరో పరాయివాణ్ణయినట్టు. నాకు ముందు అదే తగిలింది.

ఆ మనిషీ నేనూ ఒకటేనా అక్కా? చెల్లెలనుకున్నాను. నువ్వు వెనక్కి నడుస్తోందని రాసి ఊరుకోకపోతే నేను ఇంత దూరం పోయేవాణ్ణే కాదు. రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. మూడో రోజు కారు తుడుస్తుంటే ఆ పిల్ల సంచీ గుర్తొచ్చింది. నేను సర్దుకోమన్న సంచీ. అన్ని రోజులు ఒళ్ళో పెట్టుకుని, నేను ఎప్పుడు పిలుస్తానా అని భయపడుతూ కూర్చుంది. ఆ మాట రాయడానికే చెయ్యి రావడం లేదు.

కానీ వీసా మంజూరైపోయింది, పాస్‌పోర్టు నంబరు వేయడమే మిగిలింది. ఆ పిల్ల రాదని మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. నవ్వుతావేమో, ఈ ఇంట్లో నేను "కాదు", "లేదు" అన్న మాట ఇంతవరకూ అనలేదు. సెలవు రోజు పని చెప్పినా సరే, అమ్మ పోయినప్పుడు ఇప్పుడు పంపలేమన్నా సరే, తల ఊపి వచ్చేశాను. కొంచెం గడువు అడిగాను. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

ప్రసాద్


అమలాపురం,
4 అక్టోబరు 1998

ఒరే ప్రసాదూ,

కోపంలో ఉత్త పేరు రాశాను, నిజమే. నువ్వూ ఆ మనిషీ ఒకటి కాదు. అడిగిన తీరు ఒకటి, అంతే. అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదని నేను లోపల లోపల పెట్టుకున్న నిష్ఠూరం ఇవాళ్టితో తీసేశాను. నువ్వూ ఆయ్ అనే ఉండిపోయావని నాకెవరు చెప్పారు?

ఇక ఇక్కడి వింత విను. ఆ రోజు నుంచీ ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. ఆయ్ అంటే సరిపోదు, ఇంకో మాట కూడా రావాలి. వచ్చేదాకా అడిగినవాళ్ళు కదలకూడదు. ఉప్మా కావాలా, గంజి కావాలా అంటే లోవమ్మ "ఆయ్" అనేది. అప్పాయమ్మగారు గరిటె పట్టుకుని "ఊఁ, ఆ తరవాత?" అని నిలబడేది. పొయ్యి మీద గంజి మాడేది. మిగతా పిల్లలకి ఇదో ఆటైపోయింది. "ఊఁ, ఆ తరవాత?" అని ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోవడమే పని. డాక్టరుగారిని కూడా వదల్లేదు. ఈ ఇంట్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. లోవమ్మ మాత్రం ఆ రోజు నాతో అన్న నాలుగు మాటల తర్వాత మళ్ళీ నోరు విప్పలేదు.

నిన్న మధ్యాహ్నం అప్పాయమ్మగారు గుత్తివంకాయ కూర చేసింది. ఆవిడ గర్వమంతా ఆ కూరలోనే ఉంది. లోవమ్మ కంచం దగ్గర ఆగి, "వెయ్యనా?" అంది.

"ఆయ్" అంది లోవమ్మ.

అందరం ఆగాం. అలవాటు ప్రకారం ఆగాం, ఆశ ఉండి కాదు. గరిటెలోంచి నూనె కారుతోంది.

"నాకు వంకాయ పడదండి" అంది.

అప్పాయమ్మగారు "ఇన్నాళ్ళూ తిన్నావు కదే" అంది. "పెట్టేరు కదండి" అంది ఈ పిల్ల, తప్పు చేసినట్టు. ఆవిడ కూర గిన్నె కింద పెట్టి, దాని తల మీద చెయ్యి వేసి, వంటింట్లోకి వెళ్ళి అప్పటికప్పుడు ఆనపకాయ తరిగింది. నేను చాలామంది చేత పెద్ద పెద్ద లెక్కలు చేయించాను ప్రసాదూ. ఒక మనిషి పుట్టడం కళ్ళారా చూసినంత ఆశ్చర్యం నాకు ఆ వంకాయ దగ్గర కలిగింది.

ఇవాళ పొద్దున మళ్ళీ నడుముకి పీచు కట్టుకుంది.

కువైట్ సంగతి దాన్ని నేను అడగను. నా నోటితో అడిగితే నాకేం కావాలో చూసి చెబుతుంది. కోర్టు పని అయ్యాక, మొదట అడిగినవాడివి నువ్వే కనక నువ్వే అడుగు. మేడమ్‌ని అందాకా ఆపు.

దీవెనలతో,
అక్క


అమలాపురం,
10 ఫిబ్రవరి 1999

చిరంజీవి ప్రసాదుకి,

లోవమ్మ సాక్ష్యం నిన్న అయింది.

తలుపులు మూసి విచారణ చేశారు. నన్ను దాని పక్కన నిలబడనిచ్చారు. జడ్జిగారు అనంతపురం పక్కవారు, ఈ మధ్యే బదిలీ మీద వచ్చారు, మన ఆయ్ ఆయనకి కొత్త. ఆ మనిషి ప్లీడరు చాలా నెమ్మదైనవాడు, అమ్మా అని తప్ప పిలవలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

"మీ అమ్మగారి ముందు ఈయన నిన్ను బొంబాయిలో మిషను పని, వస్తావా అని అడిగేరా?"

"అడిగేరండి."

"నువ్వేమన్నావమ్మా?"

"ఆయ్ అన్నానండి."

ప్లీడరు జడ్జిగారి వైపు తిరిగి చిన్నగా తల వంచాడు. టైపు కొట్టేవాడు ఇంగ్లీషులో "ఎస్" అని కొట్టాడు. ఆ ఒక్క టక్కుతో అంతా అయిపోయిందనుకున్నాను. ప్లీడరు ఇంకేదో అడగబోతూ తన గుమాస్తాతో, "ఆ రెండో కాయితం తెచ్చేవా?" అన్నాడు.

"ఆయ్, తేలేదండి" అన్నాడు గుమాస్తా.

లోవమ్మ తలెత్తింది. "అయ్యా, ఒక మాట చెప్పచ్చాండి" అంది. దాని గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. జడ్జిగారు చెప్పమన్నారు.

"ఇప్పుడు ఆయన ఆయ్ అన్నారండి. కాయితం తెచ్చినట్టాండి? తేలేదు కదండి. మా వైపు ముందు ఆయ్ అంటామండి, వినపడిందని. ఔనో కాదో ఆ తరవాత చెప్తామండి. నేనూ ఆయ్ అన్నానండి. ఆ తరవాత మాట చెప్పేలోపునే ఈయన నా సంచీ ఎత్తేసుకున్నాడండి."

గుమాస్తా మొహం పాలిపోయింది. జడ్జిగారు కలం పక్కన పెట్టి, "ఏమిటమ్మా ఆ తరవాత మాట?" అని అడిగారు.

"రానండి."

ఇన్నేళ్ళూ లోపలే ఉన్న మాట ప్రసాదూ. చెప్పి, నీళ్ళు కావాలని అడిగి తాగింది. జడ్జిగారు టైపు కొట్టేవాణ్ణి పిలిచి, ఆ "ఎస్" కొట్టివేయించి, మన "ఆయ్"ని ఒక్కో అక్షరం చెప్పి అలాగే కొట్టించారు. కింద అది చెప్పిన అర్థం రాయించారు. తీర్పు ఎప్పుడో, ఎలా వస్తుందో తెలియదు. ఆ మనిషి మాత్రం మొదటిసారి దాని మొహం చూడలేక తల దించుకున్నాడు. బయటికి వచ్చాక నేను దాని పక్కన నడవలేకపోయాను. ఒక అడుగు వెనకే ఉన్నాను. దాని వీపు చూస్తూ ఇంటికి వచ్చాను.

ఇప్పుడు అడుగు.

అక్క


కువైట్,
7 మార్చి 1999

అక్కయ్యకి,

శుక్రవారం నేను ఫోన్ చేసినప్పుడు నువ్వు లోవమ్మ పక్కనే ఉన్నావు. అయినా నీకు వినపడని సగం నా దగ్గర ఉంది, రాస్తున్నాను.

"మా మేడమ్ ఇంకా మనిషి కోసం చూస్తోందమ్మా. నీకు రావాలని ఉందా, లేదా?" అన్నాను.

"ఆయ్" అంది.

ఆగాను. బూత్ బయట మనవాళ్ళు వరసలో నిలబడి అద్దం మీద కొడుతున్నారు. మీ పెరట్లో రాట్నం కిర్రుమంటోంది. ఎవరో నవ్వారు. ఇంకొకప్పుడైతే ఆ ఖాళీలో నేనే ఏదో ఒకటి అనేసేవాణ్ణి. పెదవులు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం వినపడింది.

"రానండి" అంది.

సంతోషమో, సిగ్గో, ఏదో నాకే తెలియలేదు. సరేనమ్మా అన్నాను. పెట్టేస్తుందనుకుంటే, "మీరు కులాసానాండి?" అని అడిగింది. ఇంతమంది ఫోన్లు చేసుకునే ఆ బూత్‌లో నేను రిసీవరు పట్టుకుని నుదురు అద్దానికి ఆనించేశాను. వరసలో ఉన్న కడపాయన తలుపు తీసి, ఏమైందని భుజం పట్టుకున్నాడు.

అక్కడి నుంచి తిన్నగా మేడమ్ దగ్గరికి వెళ్ళాను. పనికి వస్తానన్న పిల్ల ఎప్పుడొస్తుంది అని అడిగింది. నా నోట్లోంచి అలవాటుగా "ఆయ్" అని వచ్చింది. ఆవిడకి ఆ మాట తెలియదు కదా, ఏమిటన్నట్టు నా మొహంలోకి చూస్తూ ఆగింది. ఈ ఇంట్లో ఎవరూ నాకోసం అలా ఆగడం నేను చూడలేదు.

"రాదు మేడమ్. తనకి ఇష్టం లేదు" అన్నాను.

రెండు రోజులుగా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడాక వేసవిలో ఊరికి పంపమని అడుగుతాను. కాదంటే మళ్ళీ అడుగుతాను. నేను వచ్చేసరికి లోవమ్మని ఒక తాడు పేని ఉంచమను. మన పెరటి బావికి కావాలి. పేనడం ఇష్టమైతేనే.

నీ తమ్ముడు,
ప్రసాద్